సాటర్న్ అస్తమయంలో వచ్చిన డ్రాగన్

1998 జనవరి 29న జపాన్‌లో ‘అజెల్: పాంజర్ డ్రగూన్ ఆర్‌పీజీ’ అన్న పేరుతో విడుదలై, కొద్ది నెలల తేడాతో అమెరికా, ఐరోపాలలో ‘పాంజర్ డ్రగూన్ సాగా’గా వెలువడిన వీడియో గేమ్, పాత ఆటలను సేకరించేవారి లోకంలో రెండు కారణాల వల్ల పేరు మోసింది. సెగా సంస్థ వారి సాటర్న్ అన్న యంత్రం కోసం నాలుగు సీడీలలో వచ్చిన ఈ ఆట ఆ యంత్రానికి దక్కిన ఉత్తమ కృతులలో ఒకటని విమర్శకులు పాతికేళ్లుగా చెబుతూ వస్తున్నారు. మరోవైపు దాని ఆంగ్ల ప్రతులు కొన్ని పదివేలకు మించి తయారు కాలేదన్న అంచనా ఉండడంతో, పెట్టె, చిన్న పుస్తకం, నాలుగు డిస్కులూ చెక్కుచెదరకుండా ఉన్న ప్రతి వెల వెయ్యి డాలర్ల దరిదాపులకు చేరింది. దొరకదు కనుక గొప్పదై ఉంటుందన్న ఊహ, గొప్పది కనుకనే దొరకడం లేదన్న ఊహ ఈ రెండు కారణాల నడుమ పుట్టి పెరిగాయి గాని, ఆట పుట్టుపూర్వోత్తరాలను పరిశీలిస్తే రెండూ నిలిచేవి కావని తేలుతుంది. దాని కొరతకు కారణం ఒక వ్యాపార సంస్థ తన యంత్రాన్ని వదిలించుకున్న తీరులో ఉండగా, దాని గుణానికి కారణం ఆ యంత్రపు పరిమితులతో పెనుగులాడిన ఒక బృందపు ఆలోచనలో ఉంది. ఆడదగినదా కాదా అన్న ప్రశ్నకు ఈ రెండో కారణాన్ని బట్టే జవాబు చెప్పవలసి ఉంటుంది.

కన్సోల్ అంటే టెలివిజన్‌కు తగిలించి, చేతిలో ఇమిడే మీటల పలక సాయంతో ఆటలాడుకోవడానికే తయారైన కంప్యూటర్. ఒక కన్సోల్ కోసం రాసిన ఆట, తిరిగి రాస్తే తప్ప, మరో సంస్థ కన్సోల్‌పై నడవదు కనుక, యంత్రం అంగళ్ల నుంచి మాయమైన నాడే దానిని నమ్ముకున్న ఆటల జాతకం కూడా తిరగబడుతుంది. తెలుగునాట 1990లలో పిల్లలకు పరిచయమైన ‘వీడియో గేమ్ క్యాసెట్’లు నింటెండో వారి తొలితరం యంత్రానికి నకళ్లుగా వచ్చిన చౌక యంత్రాలలో పెట్టుకునేవి కాగా, సాటర్న్ దానికి రెండు తరాల తరవాతి కాలానికి, అంటే క్యాసెట్ స్థానంలో సీడీ వచ్చి చేరిన కాలానికి చెందినది. 1994 నవంబరు 22న జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఈ యంత్రంలో హిటాచీ సంస్థ తయారుచేసిన రెండు ఎస్‌హెచ్-2 ప్రాసెసర్లు, బొమ్మలు గీయడానికి వీడీపీ1, వీడీపీ2 అన్న రెండు వేర్వేరు చిప్పులు ఉండేవి. సోనీ సంస్థ ప్లేస్టేషన్‌ను తెస్తున్నదని తెలిశాక, దానికి దీటుగా నిలవాలన్న తొందరలో రెండో ప్రాసెసర్‌ను చేర్చారని చెబుతారు. ఫలితంగా యంత్రం శక్తి పెరిగిందేమో గాని, ఆ శక్తిని రాబట్టడం ప్రోగ్రామర్లకు కష్టసాధ్యమైంది. త్రిమితీయ దృశ్యాలను ఇతర యంత్రాలు త్రిభుజాలుగా విడగొట్టి గీస్తే సాటర్న్ చతుర్భుజాలతో గీసేది. పారదర్శకమైన పొగను, నీడను చూపడం దానికి చిక్కు సమస్యగా ఉండేది. అయితే అంతు కనిపించని సమతలాన్ని, ఉదాహరణకు దిగంతం దాకా పరుచుకున్న నీటిని, వీడీపీ2 చిప్పు అలవోకగా చూపగలిగేది. ఈ చివరి విషయానికి ప్రస్తుత కథలో చాలా ప్రాధాన్యం ఉంది.

యంత్రాన్ని అమ్మిన తీరు దానిని తయారుచేసిన తీరు కన్న గందరగోళంగా సాగింది. 1995 మే 11న లాస్ ఏంజిలిస్‌లో జరిగిన తొలి ఈ3 వీడియో గేమ్ ప్రదర్శనలో, సెప్టెంబరులో రావలసిన సాటర్న్ ఆ రోజే 399 డాలర్లకు అంగళ్లలో దొరుకుతున్నదని సెగా అమెరికా శాఖ ప్రకటించగా, అదే ప్రదర్శనలో సోనీ ప్లేస్టేషన్ వెల 299 డాలర్లని ప్రకటించింది. ముందస్తు సరుకు అందుకున్న దుకాణ సంస్థలు నాలుగే కావడంతో, అందని పెద్ద దుకాణాలు కినుక వహించాయి. ఆటలు రాసే సంస్థలు సెప్టెంబరును దృష్టిలో పెట్టుకుని పని చేస్తున్నందున, తొలి నెలలలో కొన్నవారికి ఆడడానికి ఆటలే కరువయ్యాయి. చివరికి ప్రపంచమంతటా సాటర్న్ యంత్రాలు సుమారు 90 లక్షలు అమ్ముడుపోగా, అందులో సగానికి మించి జపాన్‌లోనే చెల్లాయి. ప్లేస్టేషన్ పది కోట్లు దాటింది. 1997 ఈ3 నాటికే, సంస్థ భవిష్యత్తు సాటర్న్‌తో ముడిపడి లేదని సెగా అమెరికా శాఖ ఉన్నతాధికారి బెర్నీ స్టోలార్ బాహాటంగా చెప్పేశాడు. అమ్ముతున్న సరుకు గురించి అమ్మేవాడే అలా మాట్లాడితే కొనేవాడు ఏమనుకుంటాడన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఆ 1995 మేలో సాటర్న్‌తో పాటు అమెరికాలో అమ్మకానికి వచ్చిన కొద్ది ఆటలలో ‘పాంజర్ డ్రగూన్’ ఒకటి. సెగాలో టీమ్ ఆండ్రోమెడా పేరుతో ఏర్పడిన బృందం యుకియో ఫుతత్సుగి దర్శకత్వంలో చేసిన ఈ ఆట రైల్ షూటర్ అన్న తరగతికి చెందినది. అంటే ముందే నిర్ణయించిన దారిలో ఆటగాడి వాహనం తనంతట తాను సాగిపోతుంటే, అతడు గురి చూసి కాల్చడం, తప్పించుకోవడం మాత్రమే చేస్తాడు. వాహనం ఇక్కడ రెక్కలున్న డ్రాగన్. మునిగిపోయిన నగరపు స్తంభాల నడుమ, వీడీపీ2 చూపే అనంత జలరాశిపై అది ఎగిరిపోయే తొలి ఘట్టం ఆనాటి ఆటగాళ్లకు ఆ యంత్రపు పరిచయ పత్రంగా నిలిచింది. ఒక మహా నాగరికత కూలిపోయి వేలయేళ్లు గడిచాక, అది వదిలిపోయిన జీవ ఆయుధాల మధ్య బిక్కుబిక్కుమంటూ బతికే మనుషుల లోకం ఈ ఆటల నేపథ్యం. మోబియస్ అన్న కలం పేరుతో ప్రసిద్ధుడైన ఫ్రెంచ్ చిత్రకారుడు జీన్ జిరో ప్రభావం ఆ ఊహాలోకంలో ఎంత ఉన్నదంటే, తొలి ఆట జపాన్ పెట్టెపై బొమ్మను ఆయన చేతనే వేయించారు. లాటిన్, ప్రాచీన గ్రీకు, రష్యన్ భాషల ధ్వనులను కలిపి ఆ లోకానికి ఒక కల్పిత భాషను కూడా సమకూర్చారు.

1996లో వెలువడిన ‘పాంజర్ డ్రగూన్ ట్స్వై’ అన్న రెండో రైల్ షూటర్‌ను చేస్తున్న రోజులలోనే, బృందంలో మరో భాగం ఇదే లోకంలో ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ తయారీకి పూనుకుంది. ఆర్‌పీజీ అని పొట్టిగా పిలిచే ఈ తరగతిలో ఆటగాడు ఒక పాత్రను ధరించి, ఊళ్లు తిరిగి, మనుషులతో మాట్లాడి, పోరాటాలలో అనుభవం గడించి, ఒక దీర్ఘకథను అంతందాకా నడుపుతాడు. జపాన్ విపణిలో ఇటువంటి ఆటలకున్న ఆదరణ యంత్రాల తలరాతనే మార్చగలిగేది. 1997 జనవరి 31న ప్లేస్టేషన్‌పై వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7’ ఆ మాటను రుజువు చేసింది. దానికి సెగా చెప్పదలచిన జవాబు ‘అజెల్’. ఆకాశంలో స్వేచ్ఛగా ఎగరడం, నేలపై దిగి నడవడం, పాత్రల మాటలను చాలావరకు నటుల గొంతులతోనే వినిపించడం, ఆడే ఘట్టాలన్నిటినీ త్రిమితీయంగా అప్పటికప్పుడు గీయించడం అన్నవన్నీ ఏకకాలంలో తలకెత్తుకున్న ఈ పని, అందుకు అనువుకాని యంత్రంపై, అనుకున్న దానికన్న చాలా ఎక్కువ కాలం సాగి, బృందాన్ని పిండి వదిలింది. ఆ కాలంలో బృంద సభ్యులు ఇద్దరు మరణించారు. ఆట విడుదలయ్యాక టీమ్ ఆండ్రోమెడా విడిపోయింది. ఫుతత్సుగి సెగాను విడిచి, తరవాతి కాలంలో మైక్రోసాఫ్ట్ కోసం ‘ఫాంటమ్ డస్ట్’ చేశాడు.

కథ ఎత్తుగడ సాదాగానే ఉంటుంది. సామ్రాజ్యం తవ్విస్తున్న ఒక పురాతన శిథిలానికి కాపలా కాసే ఎడ్జ్ అన్న కిరాయి యువకుడు, అక్కడి గోడలో నిద్రిస్తున్నట్టున్న ఒక యువతిని చూస్తాడు. అదే సమయంలో క్రేమెన్ అన్న తిరుగుబాటు నాయకుడి సేన దాడి చేసి, అతడి సహచరులను చంపి, ఆ యువతిని ఎత్తుకుపోతుంది. చావు తప్పి బయటపడిన ఎడ్జ్‌కు ఒక డ్రాగన్ తోడవుతుంది. ప్రతీకారంతో మొదలైన ఈ కథ క్రమంగా, అజెల్ అన్న ఆ యువతి మనిషేనా, ప్రాచీనులు చేసిన పనిముట్టా అన్న చిక్కులోకి మళ్లుతుంది. విలన్ అనుకున్నవాడి వాదంలో బలం ఉండడం, నాయకుడికి తన పని మీద తనకే గురి కుదరకపోవడం ఆనాటి ఆర్‌పీజీలలో తరచుగా కనిపించని సంగతులు. ముగింపులో, ఈ కథను ఇంతదాకా నడిపిన ఆటగాడి ఉనికినే కథలోకి లాగే ఒక మలుపు ఉంది. ఆడబోయేవారి కోసం దానిని ఇక్కడ విప్పకుండా వదలడం మర్యాద.

అయితే ఈ ఆటకు విలువ తెచ్చినది కథ కన్న దాని పోరాట విధానం. ఆ కాలపు ఆర్‌పీజీలలో పోరాటమంటే రెండు పక్షాలు ఎదురెదురుగా వరుస తీరి నిలబడి, వంతులవారీగా ఒకరినొకరు కొట్టుకోవడం. ఎక్కడ నిలబడి కొట్టామన్నదానితో పని లేదు. టీమ్ ఆండ్రోమెడా తన రైల్ షూటర్ల నుంచి తెచ్చిన ఒకే ఒక్క ఆలోచన, అంటే డ్రాగన్ నిలకడగా ఉండదన్న ఆలోచన, ఈ వ్యవహారాన్నంతా తిరగరాసింది. పోరాటం మొదలు కాగానే శత్రువును నడిమధ్యన ఉంచి, చుట్టూ ఉన్న ఆవరణను ముందు, వెనుక, కుడి, ఎడమ అన్న నాలుగు భాగాలుగా విభజిస్తారు. తెరపై చిన్న సూచిక ఏ భాగం అపాయకరమో, ఏ భాగం క్షేమకరమో రంగులలో చూపుతుంది. ఆటగాడి డ్రాగన్ ఒక భాగం నుంచి మరో భాగానికి ఎగిరి వెళుతుంటే, శత్రువు కూడా ఒళ్లు తిప్పుకుని తన బలమైన పక్కను ఇటు చూపాలని యత్నిస్తుంది. ఈలోగా మూడు గడులున్న ఒక కాలమాపకం నిండుతూ ఉంటుంది. ఒక గడి నిండగానే చిన్న దెబ్బ తీయవచ్చు. మూడూ నిండే దాకా ఓపిక పడితే పెద్ద ప్రయోగం చేయవచ్చు లేదా వరసగా మూడు పనులు చేయవచ్చు. కాని ఆ ఓపిక పట్టినంతసేపూ శత్రువు ఊరుకోదు. ఎడ్జ్ తుపాకి ఒకే చోట గట్టిగా తగులుతుంది కనుక శత్రువు మర్మస్థానం కంటికి ఎదురుగా ఉన్నప్పుడు పనికి వస్తుంది. డ్రాగన్ విసిరే కిరణాలు అనేక లక్ష్యాలను ఒకేసారి వెతుక్కుంటూ వెళతాయి కనుక గుంపులకు పనికి వస్తాయి. నిండుతున్న గడి, మారుతున్న స్థానం, ఎంచుకోవలసిన ఆయుధం అన్న మూడింటినీ ఒకే క్షణంలో తూచవలసి రావడం వల్ల, చిన్న పోరాటంలో కూడా ఆలోచనకు చోటుంటుంది. పోరాటం ముగిశాక ఆటగాడి నేర్పుకు శ్రేణి ఇచ్చి, దాని ప్రకారం అనుభవాన్ని పంచే ఏర్పాటు కూడా ఉండడంతో, కేవలం గెలిచి బయటపడడం కన్న చక్కగా గెలవడానికి ప్రోత్సాహం దొరుకుతుంది.

దీనికి తోడు డ్రాగన్ స్వరూపాన్ని దాడి, రక్షణ, చురుకుదనం, ఆత్మశక్తి అన్న నాలుగు గుణాల మధ్య ఆటగాడు తనకు కావలసినట్టు మలచుకోవచ్చు. మీటను జరుపుతుంటే కళ్లెదుటే దాని కొమ్ములు, రెక్కలు, దేహం మారిపోతూ ఉంటాయి. ఇదంతా పదిహేను, ఇరవై గంటలలో ముగిసిపోతుంది. యాభై అరవై గంటల ఆర్‌పీజీలకు అలవాటు పడిన ఆనాటి విమర్శకులలో కొందరు దీనిని లోపంగా ఎంచారు. నిజానికి అది దీని గుణాలలో ఒకటి. నాలుగు సీడీలు అవసరమైనది కథ పొడవు వల్ల కంటె, ముందే చిత్రించి పెట్టిన వీడియో ఘట్టాల బరువు వల్ల. విచిత్రమేమంటే, ఆనాడు సాంకేతిక ఘనతగా చూపుకున్న ఆ వీడియోలే నేడు అలుక్కుపోయి, అన్నిటికన్న పాతబడ్డవిగా కనిపిస్తాయి. సావోరి కొబయాషి, మారికో నంబా కూర్చిన సంగీతం మాత్రం ఇప్పటికీ విడిగా వినదగినదిగా మిగిలింది.

ఇంతటి ఆట అమెరికా చేరేనాటికి అక్కడి దుకాణాలు సాటర్న్‌కు కేటాయించిన అరలను దాదాపు ఖాళీ చేశాయి. సెగా దృష్టి అంతా 1998 నవంబరు 27న జపాన్‌లో విడుదల కావలసిన డ్రీమ్‌కాస్ట్ అన్న తరవాతి యంత్రంపై ఉంది. ఆ ఏడాది అమెరికాలో వచ్చిన సాటర్న్ ఆటలను వేళ్లపై లెక్కించవచ్చు. ‘బర్నింగ్ రేంజర్స్’, ‘షైనింగ్ ఫోర్స్ 3’ వంటి ఆ చివరి ఆటలన్నిటినీ కొద్ది ప్రతులలోనే అచ్చొత్తించారు. పెద్ద సంఖ్యలో తయారుచేసి గోదాములలో మగ్గబెట్టడం కన్న కొరతగా వదలడమే మేలన్న లెక్క వ్యాపారపరంగా తప్పని అనలేము. ‘సాగా’ అంగళ్లలో కనిపించీ కనిపించకముందే అయిపోయింది. బ్రిటన్‌లో వెలువడే ‘సెగా సాటర్న్ మ్యాగజైన్’ ఈ ఆట మొదటి డిస్కును పాఠకులకు పత్రికతో పాటు ఉచితంగా అందించడం ఈ కథలో ఒక విడ్డూరం. దాంతో నాలుగో వంతు ఆటను ఆడి, మిగతా మూడు వంతులు దొరకక మిగిలిపోయినవారు కూడా తయారయ్యారు.

అరుదుతనం ఆట గుణం గురించి ఏమీ చెప్పదనడానికి ఇంతకన్న స్పష్టమైన తార్కాణాలు అమెరికా విపణిలోనే ఉన్నాయి. 1987లో బండై సంస్థ నింటెండో యంత్రం కోసం, కాళ్లతో తొక్కుతూ ఆడే ఒక చాపతో కలిపి ‘స్టేడియం ఈవెంట్స్’ అన్న పరుగు పందేల ఆటను తెచ్చింది. ఆ చాప హక్కులను నింటెండో కొనేసి, దానికి పవర్ ప్యాడ్ అని, ఆటకు ‘వరల్డ్ క్లాస్ ట్రాక్ మీట్’ అని కొత్త పేర్లు పెట్టి లక్షలలో అమ్మడంతో, పాత పేరున్న కార్ట్రిడ్జ్‌లు, అంటే క్యాసెట్లు, అరుదై, పదివేల డాలర్లు పలికే స్థాయికి చేరాయి. లోపలి ఆట ఒక్కటే; పేరున్న చీటీ వేరు. 2021 జూలైలో సీలు విప్పని ‘సూపర్ మారియో 64’ ప్రతి ఒకటి హెరిటేజ్ ఆక్షన్స్ వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికింది. కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయిన ఆట అది. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో శాశ్వతంగా బంధించిన ఆ ప్రతిని ఎవరూ ఆడరు, ఆడితే దాని వెల పోతుంది. ఇక 1995లో అమెరికాలో పెద్దగా అమ్ముడుపోని ‘ఎర్త్‌బౌండ్’ను నింటెండో 2013లో వీ యూ యంత్రం కోసం చవకగా తిరిగి విడుదల చేసినా, పాత కార్ట్రిడ్జ్ వెల దిగిపోలేదు. వస్తువును కొనే విపణి, ఆటను ఆడే లోకం రెండూ వేరువేరు దారులలో నడుస్తున్నాయనడానికి ఇవి చాలు.

‘సాగా’ విషయంలో ఆ రెండో దారి ఇంకా తెరుచుకోలేదు. అదే 1998లో సాటర్న్‌పై జపాన్‌లో మాత్రమే వచ్చిన ‘రేడియంట్ సిల్వర్‌గన్’ ఎన్నో ఏళ్లు ఇటువంటి దుర్లభ వస్తువుగానే ఉండి, 2011లో ఎక్స్‌బాక్స్ 360పై అందరికీ అందుబాటులోకి రాగా, దాని కీర్తి పరీక్షకు నిలిచింది. తొలి ‘పాంజర్ డ్రగూన్’కు 2020లో పునర్నిర్మాణం వచ్చింది. ‘సాగా’ సోర్స్ కోడ్ సెగా వద్ద మిగలలేదని చాలాకాలంగా చెబుతున్నారు. ఆట రాసిన మూల ప్రోగ్రామ్ పోతే, కొత్త యంత్రానికి తేవాలనుకున్నవారు దాదాపు మొదటి నుంచి రాసుకోవాలి. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం అమెరికాలో విడుదలైన 2010కి ముందటి ఆటలలో 87 శాతం నేడు అంగడిలో దొరకవు. ఆ పట్టికలో ఈ ఆట కూడా ఉండక తప్పదు.

మిగిలిన మార్గాలలో మొదటిది పాత యంత్రం, పాత డిస్కులు. సాటర్న్‌లో ఆట దాచుకునే జ్ఞాపకం ఒక నాణెం బ్యాటరీ మీద ఆధారపడి ఉంటుంది. బ్యాటరీ చచ్చిన రోజున దాచుకున్నదంతా పోతుంది కనుక, ఆట మొదలుపెట్టే ముందు దానిని మార్చుకోవడం అవసరం. డిస్కులను చదివే లేజర్ భాగాలు అరిగిపోతున్నాయి. 2016లో ఒక ఇంజనీర్ యంత్రపు సీడీ రక్షణ వ్యవస్థ గుట్టు విప్పాక, డిస్కు అవసరం లేకుండా మెమరీ కార్డు నుంచి ఆటలను నడిపే పరికరాలు ఎక్కువయ్యాయి. రెండోది ఎమ్యులేటర్, అంటే పాత యంత్రం ప్రవర్తనను నేటి కంప్యూటర్‌పై అనుకరించే ప్రోగ్రామ్. రెండు ప్రాసెసర్ల చిక్కుముడి వల్ల సాటర్న్‌ను సరిగ్గా అనుకరించడానికి ఇతర యంత్రాలకన్న చాలా ఎక్కువ కాలం పట్టింది గాని, ఇప్పుడు ఆ పని తృప్తికరంగానే సాగుతోంది. అమ్మకంలో లేని ఆటను నకలు చేసుకోవడంపై చట్టం మాత్రం ఆటగాడి పక్షాన లేదు. 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం, గ్రంథాలయాలు తాము భద్రపరచిన ఆటలను పరిశోధకులకు దూరం నుంచి అందించే వీలు కల్పించాలన్న విన్నపాన్ని కూడా తోసిపుచ్చింది.

ఆట లోపాలను దాచనక్కరలేదు. ఎగురుతుండగా హఠాత్తుగా వచ్చిపడే పోరాటాలు కొన్నిచోట్ల విసుగు పుట్టిస్తాయి. పోరాట విధానం అర్థమయ్యాక శ్రద్ధగా ఆడేవారికి శత్రువులు పెద్ద సవాలు కారు. ఊళ్లలో నడుస్తున్నప్పుడు మనుషుల ముఖాలు చతుర్భుజాలు అతికినట్టే కనిపిస్తాయి. మొదటి రెండు గంటలు కథ ఊపందుకోదు. అయినా స్థానమే ఆయుధంగా సాగే ఆ పోరాట పద్ధతిని తరవాతి ఆర్‌పీజీలు అంతగా అందిపుచ్చుకోలేదు కనుక, దాని అనుభవం వేరే ఎక్కడా దొరకదు; ఆట నిర్మాణ చరిత్రపై ఆసక్తి ఉన్నవారికి ఈ ఒక్క కారణం చాలు. ఆంగ్ల ప్రతికి వెయ్యి డాలర్లు పోయడంలో మాత్రం ఆటకు సంబంధించిన కారణమేదీ కనిపించదు. ఆ వెల పెట్టేవారు కొనేది 1998లో సెగా వేసుకున్న లెక్కను. లక్షకు పైగా అమ్ముడుపోయిన జపాన్ ప్రతులు ఇప్పటికీ అందులో చిన్న భాగానికే దొరుకుతాయి. ఆంగ్ల ప్రతిలో కూడా గొంతులు జపనీయులవే, కింద అనువాదపు అక్షరాలు మాత్రమే చేర్చారు కనుక, ఆ భాష కొద్దిగా వచ్చినవారు, లేదా కథాసారాన్ని పక్కన పెట్టుకునే ఓపిక ఉన్నవారు పోగొట్టుకునేది తక్కువే.